గొంతు దాచుకున్నవాడు

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త ఒపెరా మొదలైంది. ఈ సీజన్‌తో రిటైరవుతున్నాను కాబట్టి నాకిదే ఆఖరిది. నలభై నాలుగేళ్ళు కోరస్ వెనక వరసలో నిలబడి మంద్రస్థాయి పాడినవాడు ఇంక కొత్తగా ఆశ్చర్యపడేదేముంటుంది అనుకుంటూ వెళ్ళాను. వెళ్ళి నోరు తెరుచుకుని కూర్చున్నాను.

రాసినమ్మాయి పేరు ఎస్మీ. ముప్ఫై రెండేళ్ళుంటాయేమో. స్వెట్టర్ తిరగేసి వేసుకొచ్చింది, ఎవరమూ చెప్పలేదు. పియానో ముందు కూర్చుని మొత్తం తనే పాడి వినిపించింది. గొంతు బాగోలేదు. అయినా గదిలో ఉన్న నలభై మందిలో ఒక్కరు దగ్గితే ఒట్టు.

విక్టోరియా రాణి నాటి కథ. ఇక్కడికి దగ్గర్లోనే, మా యార్క్‌షైర్‌లోనే, ఒక బట్టల మిల్లుల ఊరు. ఈనక్ అని చేతి తొడుగులు కుట్టేవాడు. సైలస్ అని ఊరి చిన్న చర్చిలో, చాపెల్‌లో, పాడేవాడు. ఒకరంటే ఒకరికి ప్రాణం. అప్పట్లో అది నేరం, ఈనక్‌ని పోలీసులు పట్టుకుంటారు. కోర్టులో జడ్జి సైలస్‌ని పిలిచి అడుగుతాడు: ఈ మనిషి నీకు తెలుసా?

ఆ తర్వాత ఎస్మీ ఏం పాడిందో నేను వినలేదు. మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళాను.

ఇంటికొచ్చేసరికి మా ఇంట్లో అద్దెకుండే ఆయన టీ పెట్టి ఉంచాడు.

"కొత్తది దేని గురించోయ్?"

"గ్లౌజులు కుట్టేవాళ్ళ గురించి," అన్నాను.

"గ్లౌజుల మీద రెండున్నర గంటలా!"

"రెండు చేతులుంటాయిగా మరి."

నవ్వాడు. ఆయన నవ్వితే ఈ ఇల్లు బాగుంటుంది.

ఫిబ్రవరి 4

అబద్ధమేమీ చెప్పలేదు. గ్లౌజులున్నాయి అందులో.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ కొలతల పాట చేశారు. మేము కోరస్ వాళ్ళం గోడవారన కూర్చుని వింటూ ఉన్నాం, మా పని ఇంకా రాలేదు.

సైలస్ గ్లౌజుల కోసం కొట్టుకి వస్తాడు. ఈనక్ టేపు తీసి అతని చెయ్యి కొలుస్తాడు. పాటంతా అంతే. బొటనవేలు ఇంత, చూపుడువేలు ఇంత, మణికట్టు చుట్టూ ఇంత. ప్రేమ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. ఒక్కో వేలికీ రాగం ఒక మెట్టు పైకెక్కుతుంది. చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్ళు గగుర్పొడిచింది. నాకు తెలిసిన విషయమే అది. తెర వేసుకున్న కిటికీ వెనక, రేడియో గట్టిగా పెట్టుకుని, అరవై ఏడేళ్ళొచ్చిన నాకు బాగా తెలిసిన విషయమే. దాన్ని ఎవరైనా పాడతారని, పాడటానికి జీతమిస్తారని మాత్రం తెలియదు.

సైలస్ వేషం వేస్తున్న, పై స్థాయి పాడే కుర్ర టెనర్ పేరు రోరీ. పాట అయ్యేదాకా అతని భర్త మూల కుర్చీలో కూర్చుని ఏడు నెలల పాపకి పాలసీసా పట్టాడు. పాట అవగానే రోరీ వెళ్ళి పాపని ఎత్తుకున్నాడు. గదిలో ఎవరూ తల తిప్పి చూడలేదు. నేను చూశాను. మళ్ళీ మళ్ళీ చూశాను.

ఇరవై ఏళ్ళుగా నా పక్కన నిలబడి పాడే మాల్కమ్ మోచేత్తో పొడిచాడు. "ఏంటి క్లిఫ్, నీకూ పిల్లలు కావాలనిపిస్తోందా? బస్సు వెళ్ళిపోయిందిలే నాయనా."

"నువ్వు నడిపే బస్సైతే ఎక్కనులే," అన్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కోర్టు సీను. మేము చూడ్డానికొచ్చిన జనం.

జడ్జి అడుగుతాడు. సైలస్ జవాబు చెప్తాడు: "లేదయ్యా. వీధిలో చూశాను. మొహం తెలుసు, అంతే." వెంటనే జనమంతా "మేమెరగం, మేమెరగం" అని పాడాలి. ఆడవాళ్ళు పైన, మాలాంటివాళ్ళం అడుగున. అన్నిటికన్నా కింది స్వరం మాది. ఇల్లు నిలబడటానికి పునాది రాయిలాంటిది.

నా గొంతులోంచి రాలేదు. పెదాలు కదిపి ఊరుకున్నాను.

సంగీతం నడిపించే గ్వెన్ వేల్స్ మనిషి. ఆవిడ చెవులకి గోడలడ్డం రావు. కర్రతో బల్ల మీద కొట్టింది.

"వెనక వరస మగాళ్ళూ! కింది స్వరం సగమే వినిపిస్తోంది. ఎవరో దొంగాట ఆడుతున్నారు. ఎవరది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే అన్నాను: "గొంతు దాచుకుంటున్నాను తల్లీ."

రిహార్సల్లో గొంతు దాచుకుని, ఉందా లేదా అన్నట్టు పాడటం మాలో మామూలే. మార్కింగ్ అంటాం. ప్రదర్శన రోజుకి దాచిపెట్టుకోవడం. తప్పేం కాదు. కాకపోతే ప్రదర్శనకి ముందు వారం చేస్తారు గాని నెల ముందు ఎవరూ చెయ్యరు.

"ఇప్పట్నుంచేనా? ఎవరికోసం దాస్తున్నారు, మనవలకా?" అంది గ్వెన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 15

అద్దెకుండే ఆయనకి జలుబు. వేణ్ణీళ్ళలో నిమ్మకాయ, తేనె కలిపి ఇచ్చాను.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా చెయ్యి అదే మాట రాస్తుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ఇంట్లో ఉన్న పడగ్గది ఒక్కటే.

ఫిబ్రవరి 22, శనివారం

ఆయన పియానోలు శ్రుతి చేస్తాడు. ఇవాళ ఓట్లీలో ఒక బడికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చాడు. బంగాళాదుంపలు తింటూ అన్నాడు:

"బస్టాపులో మీ పోస్టరు అంటించారు."

"ఆహా."

"ఇద్దరు మగాళ్ళ చేతులు. ఒకాయన టేపు పెట్టి కొలుస్తున్నాడు. కింద కథ కూడా నాలుగు ముక్కల్లో రాశారు."

"ఊఁ."

"గ్లౌజులు కుట్టేవాళ్ళ గురించి అన్నావు."

"అవును."

"బాగానే కుట్టినట్టున్నారు," అని పళ్ళేలు తీసుకెళ్ళి కడిగాడు. తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

ఇంకేమీ అనలేదు. నలభై నాలుగేళ్ళుగా ఏమీ అనలేదు. నా ప్రాణం తీసేది అదే.

మార్చి 1, శనివారం

రాసేస్తే పోతుంది. మాల్కమ్ పన్ను పీకించుకోవడం గురించి ఇలాగే అంటాడు.

1981 అక్టోబరు. ఆయనా నేనూ అప్పటికి రెండేళ్ళుగా కలిసి ఉంటున్నాం. ఇల్లు నా పేర ఉంది. అతను బడిలో సంగీతం మాస్టరు. నేను గుమాస్తా. ఒక ఆదివారం పాడుబడ్డ మిల్లు వెనక కారు ఆపుకుని కూర్చున్నాం. ఇంట్లో కూర్చోవచ్చుగా అంటే, పక్కింటావిడ చెవి మా గోడకే ఉండేది. బయట దొరికితే అప్పటికి ఇంకా నేరమే. పోలీసు టార్చి లైటు కనిపించగానే నేను అటువైపు తలుపు తీసుకుని కంచె దూకి పరిగెత్తాను. అతను పరిగెత్తలేదు. కారు అతనిది.

రెండోవాడెవడు అని ఎంత అడిగినా చెప్పలేదు.

కోర్టులో ఇంటి ఓనరుగా నన్ను పిలిచారు. బోనులో అతను నీలం సూటులో ఉన్నాడు. ఆ సూటు ఇస్త్రీ చేసింది నేనే. ఈ మనిషి నీకు తెలుసా అన్నాడు మేజిస్ట్రేటు. తర్వాతి వారమే ఈ ఒపెరా కంపెనీలో నాకు ఆడిషన్. నాకు ఇరవై మూడేళ్ళు. "మా ఇంట్లో అద్దెకుంటాడండి. మొహం తెలుసు, అంతే," అన్నాను.

ఎస్మీ ఆ మాట ఎక్కడ పట్టిందో. పాత కోర్టు కాగితాలు చదివి రాశానని చెప్పింది. నూటయాభై ఏళ్ళుగా అందరం ఒకే మాట చెప్తూ వచ్చామన్నమాట.

అతనికి జరిమానా పడింది, పేపర్లో పేరు పడింది, బడి ఉద్యోగం పోయింది. నాకు ఆడిషన్‌లో ఉద్యోగం వచ్చింది. గొంతు అద్భుతంగా ఉందన్నారు.

ఆ కోర్టు రోజు సాయంత్రం అతను ఇంటికొచ్చి, "కోటు ఎక్కడ తగిలించను?" అన్నాడు. అంతే. ఇప్పటికీ అప్పుడు చూపించిన కొక్కేనికే తగిలిస్తాడు.

రాశాను. పోలేదు.

మార్చి 6, గురువారం

ఇవాళ మొదటిసారి వాద్యబృందంతో. వేషాల్లేవు, నడకల్లేవు. వాళ్ళు యాభై మంది, మేము కుర్చీల్లో. ఇలాంటి రోజులు వందకి పైగా చూసుంటాను. ఇలాంటిది చూడలేదు.

కొలతల పాటకి నేననుకున్నది వయొలిన్లు. ఎస్మీ ముందు వయొలిన్‌కన్నా గొంతు లోతైన వయోలా ఒక్కటి పెట్టింది. ఒక్కటే, గదిలో ఎవరో ఊపిరి పీలుస్తున్నంత చిన్నగా. ఒక్కో వేలికీ ఒక్కో వాద్యం వచ్చి చేరింది. చిటికెనవేలికి ఇత్తడి బూరలన్నీ మెల్లిగా లేచాయి. ఒక మనిషి అరచేయి కోసం యాభై మంది! నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. డ్రమ్ములవాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి ముగ్గురు భార్యలు, ముగ్గురూ వదిలేసినవాళ్ళే. అతనికేం అర్థమైందో మరి.

దేవుడి ముందు నిలబడినట్టుంది. మా చాపెల్‌లో ఎప్పుడూ అలా అనిపించలేదు. ఇంత పెద్దదా మా విషయం అనిపించింది. మేము దాన్ని బీరువా అడుగున పెట్టుకుని బతికామే!

కోర్టు సీనులో మళ్ళీ పెదాలు కదిపాను. గ్వెన్ చూసింది. ఈసారి ఏమీ అనలేదు.

మార్చి 9, ఆదివారం

పొద్దున పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే ఆయన అన్నాడు:

"ఈసారి ఆఖరి రిహార్సల్‌కి వస్తాను."

ఆఖరి రిహార్సల్‌కి ఇంట్లోవాళ్ళని రానిస్తారు. వెనక గుమ్మం దగ్గర బోర్డు మీద కాగితం అంటిస్తారు. మన పేరు, వచ్చేవాళ్ళ పేరు, వాళ్ళు మనకేమవుతారు అని మూడు గళ్ళు. నా పేరు పక్కన ఎప్పుడూ ఖాళీయే. అతను నా ప్రతి ఒపెరా చూశాడు. తన టిక్కెట్టు తనే కొనుక్కుని, అన్నిటికన్నా పై బాల్కనీలో కూర్చుని చూసి, నాకన్నా ముందు బస్సులో ఇంటికెళ్ళిపోతాడు. నలభై నాలుగేళ్ళూ అంతే.

"ఇదంత బాగాలేదులే," అన్నాను. "మా కోరస్‌కి పెద్ద పనేం లేదు. నేనెలాగూ మార్కింగే చేస్తున్నాను."

పేపరు మడిచాడు.

"క్లిఫ్, నా విషయంలో నువ్వు జీవితమంతా మార్కింగే చేశావు. డెబ్బై ఏళ్ళొచ్చాయి నాకు. అసలు ప్రదర్శన ఎప్పుడోయ్?"

కోపంగా అనలేదు. టైము అడిగినట్టు అడిగాడు.

మార్చి 10

కాగితం మీద ఆయన పేరు రాశాను. డి. బూత్‌రాయిడ్. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది. అద్దెకుంటారు అని రాశాను.

మాల్కమ్ నా భుజం మీంచి చదివాడు. "అద్దెకున్నాయన్ని కూడా లాక్కొస్తున్నావా? నేను మా ఆవిడ్నే తేవట్లేదు."

మార్చి 12, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం రెండింటికి మొదలు. పూర్తి వేషాలతో. నాకు నల్లకోటు, జిగురుతో అంటించిన చెంపల గడ్డం. హాల్లో యాభై అరవై మంది ఇంట్లోవాళ్ళు. అతను నీలం సూటులో వచ్చి ఆరో వరస చివర కూర్చున్నాడు. ఈ సూటు వేరే. ఆ రంగే.

రోరీకి పాప దగ్గర్నుంచి జలుబు అంటుకుంది. ఎల్లుండి మొదటి ప్రదర్శన కాబట్టి గ్వెన్ అతన్ని పాడొద్దంది. అందరి ముందూ నోరు మాత్రం కదుపుతూ నడిచాడు. కొలతల పాటలో ఈనక్ ఒక్కడే పాడాడు, జవాబు పాడని మనిషి చెయ్యి కొలిచాడు. అలా చూస్తే ఇంకా భయంకరంగా బాగుంది.

కోర్టు సీను ముందు గ్వెన్ ఆపింది.

"ఇక్కడ సైలస్ జవాబు నాకు వినపడాలి. దాన్ని బట్టే బృందమంతా అందుకోవాలి. కోరస్‌లో ఎవరికొచ్చు? ఒక్క వాక్యం. ఏ స్థాయిలో పాడినా పర్లేదు."

మాలో ఇదొక ఆనవాయితీ. ఒకరి గొంతు పోతే వచ్చినవాళ్ళు పక్కన నిలబడి పాడిపెడతారు. వచ్చా రాదా అంతవరకే ఆలోచిస్తాం. వచ్చు కాబట్టి నా చెయ్యి బడిపిల్లాడి చెయ్యిలా లేచింది. లేచాక గానీ తెలియలేదు ఏం చేశానో.

రోరీ సాక్షి బోను ఎక్కాడు. నేను అతని వెనక పక్కగా నిలబడ్డాను. జడ్జి పాడాడు: "ఈ మనిషి నీకు తెలుసా?" వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఎస్మీ అక్కడ ఏమీ రాయలేదు. నిశ్శబ్దం రాసింది. ఆరో వరస చివర ఆయన మొహం నాకు తిన్నగా కనిపిస్తోంది. వినడానికి సిద్ధంగా ఉంది ఆ మొహం. ఒకసారి విన్నదేగా.

నేను పాడాను. నెలంతా దాచిందంతా వచ్చింది.

"తెలుసయ్యా. మా ఇంట్లోనే ఉంటాడు."

స్వరాలు ఎస్మీవే. మాటలు కావు.

బృందం అందుకోబోయి చెదిరిపోయింది. గ్వెన్ కర్ర ఆగింది. "క్లిఫ్, మాటలు తప్పాయి. మళ్ళీ."

"సారీ," అన్నాను. మళ్ళీ జడ్జి అడిగాడు. మళ్ళీ నిశ్శబ్దం.

"తెలుసయ్యా. మా ఇంట్లోనే ఉంటాడు."

"ఒరేయ్, పుస్తకం చూడరా," అని వెనకనుంచి మాల్కమ్ గొణిగాడు.

"ఒంట్లో బాగానే ఉందా?" అంది గ్వెన్.

"బాగుంది తల్లీ. ఆ మాట నేను పాడలేను. ఒకసారి చెప్పేశాను, ఎనభై ఒకటిలో, నిజం కోర్టులో."

లోపలున్న నూటయాభై మందీ నా వైపే చూశారు. ఎస్మీ తన కుర్చీలోంచి లేచి నిలబడింది, ఎందుకో ఆమెకే తెలియనట్టుంది. అప్పుడే ఆరో వరసలో ఒక సీటు టప్పున మడుచుకున్న చప్పుడైంది. ఆయన నడుచుకుంటూ తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

రోరీ నా చెయ్యి పట్టుకుని, బొంగురు గొంతుతో, "మీరు వెళ్ళండి క్లిఫ్, ఈ ముక్క నేను చెప్పేస్తాను," అన్నాడు.

వెనక గుమ్మంలోంచి, సందులోంచి పరిగెత్తాను. అరవై ఏడేళ్ళకి, విక్టోరియా కాలం కోటుతో, లీడ్స్ నడిబజార్లో. ఎవడో ఫోటో తీశాడు. ఆయన బస్టాపులో నిలబడి ఉన్నాడు, మా పోస్టరు పక్కనే. ఇరవై ఎనిమిదో నంబరు వస్తోంది.

దగ్గరికెళ్ళాను గాని మాట్లాడటానికి ఊపిరి లేదు.

"గడ్డం ఊడుతోంది," అన్నాడు. చెయ్యి చాచి నా చెంప మీద అదిమిపెట్టాడు. పట్టపగలు, పది మంది చూస్తుండగా. చెయ్యి తియ్యలేదు.

"కోపమా?" అన్నాను.

"ముక్కు చీదుకోవాలి. అక్కడ చీదితే సంగీతం పాడవుతుందని వచ్చాను." చీదుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన జీవితమంతా శ్రుతులు సరిచేసిన మనిషి. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు: "నలభై నాలుగేళ్ళు ఆలస్యంగా ఎత్తుకున్నావు. పైగా ఒక స్థాయి కింద."

"అవును."

"శ్రుతి మాత్రం తప్పలేదు, క్లిఫ్."

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎక్కుతారా లేదా అన్నట్టు డ్రైవరు చూశాడు. మేము ఎక్కలేదు. ఇద్దరం వెనక గుమ్మంలోంచే లోపలికెళ్ళాం. బోర్డు దగ్గర ఆగి, మూడో గడిలో రాసింది కొట్టేసి, నావాడు అని రాశాను. అది గడిలో రాసే మాట కాదని తెలుసు. ఇంకో మాట తోచలేదు.

మార్చి 15, శనివారం

నిన్న మొదటి ప్రదర్శన. రోరీ పూర్తి గొంతుతో అబద్ధం చెప్పాడు, ఎస్మీ రాసినట్టే. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. "మేమెరగం" అని నేనూ నిండు గొంతుతో పాడాను. గ్వెన్ కర్ర ఆడిస్తూనే కన్ను కొట్టింది. ఈనక్‌ని తీసుకెళ్ళిపోయాక సైలస్ ఖాళీ గ్లౌజు ఒకటి చేతికి తొడుక్కుంటాడు, బృందమంతా మళ్ళీ ఆ ఒక్క వయోలా దాకా తగ్గిపోతుంది. అయిపోయాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంత పెద్ద నిశ్శబ్దం నేను నా ఉద్యోగంలో వినలేదు. ఆ నిశ్శబ్దంలో ఆరో వరసలో ఎవరు ముక్కు చీదారో నాకు తెలుసు.

ఒకే బస్సులో ఇంటికొచ్చాం.

మాల్కమ్ మాత్రం ఏమనాలో తేల్చుకోలేకపోతున్నాడు. "ఇరవై ఏళ్ళు పక్కన నిలబడ్డాను, నాకొక్క ముక్క చెప్పలేదేంరా" అని అలిగాడు. ఆదివారం భోజనానికి ఇద్దర్నీ రమ్మన్నాడు, అలిగి మరీ.

ఇది రాస్తుంటే డెనిస్ టోస్టు పళ్ళెంతో వచ్చాడు. డెనిస్. రాశాను చూడు.

"అంతసేపు ఏం రాస్తావోయ్?"

"నీ గురించే."

ఎప్పుడూ అడగనివాడు చెయ్యి చాచాడు. ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి నిలబడే చదివాడు. గ్లౌజుల దగ్గర నవ్వాడు. మార్చి ఒకటి దగ్గర కూర్చున్నాడు. టోస్టు చల్లారిపోయింది.

"అద్దెకుండే ఆయన అని రాసిన చోటల్లా కొట్టేస్తాను," అన్నాను. పెన్సిలు తీశాను కూడా.

"వద్దు," అన్నాడు డెనిస్. "ఉండనీ. నువ్వు కోర్టులో అన్నది అదేగా. నువ్వన్నావు, నేను విన్నాను, అయినా ఇంటికొచ్చాను. అది కూడా ఉండాలిగా ఎక్కడో."

అని చల్లారిన టోస్టు తీసుకెళ్ళి, మళ్ళీ ఇద్దరికీ వేడిగా కాల్చుకొచ్చాడు.